నాలుగో ఈనె వంపు

ఈగలకు ఇంటిపేర్లుంటాయని మా చింతలరేవులో మొన్న ఫిబ్రవరి దాకా నాకొక్కడికే తెలుసు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నాను కనక తెలియక తప్పదు. ఇప్పుడు టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాడు కూడా గ్లాసు అంచున వాలిన ఈగను చూసి, "ఇది మున్సిపాలిటీదంటావా, పశువుల డాక్టరుగారిదంటావా?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఊరికి ఇంత విద్య ఎలా అబ్బిందో చెబుతాను.

మా ఊరి చివర ఆడపిల్లల సంక్షేమ హాస్టలుంది. దాని వంటింటి గోడకు అవతల ఒక దిబ్బ ఉండేది. నిజానికి అవి మూడు దిబ్బలు. మున్సిపాలిటీవాళ్ళు ఊరి చెత్త తెచ్చి ఒకచోట పోసేవారు. పశుసంవర్థక శాఖవాళ్ళు బందెలదొడ్డిలో పేడా, కుళ్ళిన గడ్డీ ఎత్తి రెండోచోట పోసేవారు. చేపల రేవు నుంచి తలలూ పేగులూ మూడోచోటికి వచ్చేవి, అది మత్స్యశాఖ వాటా. మధ్యలో మనిషి నడిచే దారి కూడా ఉండేదట. ఏళ్ళు గడిచేకొద్దీ దారి మూసుకుపోయి మూడూ ఒకటే దిబ్బ అయింది. ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయం అనేది మా ఊళ్ళో ఆ ఒక్కచోటే సాధ్యపడింది.

దిబ్బ ఉన్నాక ఈగలుంటాయి. ఆ హాస్టల్లో అన్నం తెల్లగా వడ్డిస్తే నోటి దగ్గరికి వచ్చేసరికి నల్లగా ఉండేది. పిల్లలకు వాంతులు, విరేచనాలు. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి. వార్డెన్ దేవకృపమ్మగారు మాట మెత్తనే గానీ పట్టు ఉడుంపట్టు. పరీక్షల్లోగా దిబ్బ లేపించాలని మూడు ఆఫీసులకీ చెప్పులరిగేలా తిరిగింది. మున్సిపాలిటీవారు, "మా చెత్త పొడి చెత్తమ్మా, అందులో ఈగ పుట్టదు" అన్నారు. పశువుల డాక్టరుగారు, "పేడ పవిత్రం" అన్నారు. మత్స్యశాఖాధికారి చేపకు ముక్కు మూసుకోవడమేమిటని నొచ్చుకున్నారు. అందరూ శ్రీవైష్ణవులే గానీ బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఆవిడ చివరికి డివిజన్ అధికారి విరూపాక్షరావుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పుడే ఒక కొండ ఊళ్ళో 'సాక్ష్యాధారిత పరిపాలన' అనే శిక్షణ పొంది దిగారు. మెడలో ఆ శిక్షణవారిచ్చిన పట్టీ ఇంకా తీయలేదు. వెళ్ళకముందు ఆయన ఫిర్యాదు వింటే ఫోనెత్తి నాలుగు తిట్టి పని చేయించేవారు. వచ్చాక ఆ అలవాటు మానుకున్నారు.

నన్ను పిలిపించారు. "ఈగను చూసి అది ఎచ్చట జనించినదో చెప్పగలరా?"

"ఏ ప్రజాతిదో చెప్పగలనండి. ఎక్కడ పుట్టిందో ఈగనే అడగాలి. ఇంటి ఈగ చెత్తలోనూ పుడుతుంది, పేడలోనూ పుడుతుంది, చేప తలకాయలోనూ పుడుతుంది. దానికి శాఖాభేదం లేదు."

ఆయన నా జవాబులో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది.

"సదరు హాస్టలునందు సంచరించు ఈగలలో ఏ ప్రజాతి అధిక సంఖ్యాకమో శాస్త్రీయముగా నిర్ధారించి, సదరు ప్రజాతి జన్మస్థానమునకు బాధ్యత వహించు శాఖయే దిబ్బను సమూలముగా తొలగించవలెను. మస్కా ప్రజాతి మున్సిపాలిటీకిని, స్టొమాక్సిస్ ప్రజాతి పశుసంవర్థక శాఖకును, పచ్చగా మెరయు క్రైసోమియా ప్రజాతి మత్స్యశాఖకును చెందినవిగా భావించవలెను."

ఈగల నిర్ధారణాధికారిగా నన్ను వేశారు. ముగ్గురు శాఖాధికారులూ కమిటీ సభ్యులు.

ఈ ఈగల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, భయపడకండి. మస్కా అంటే మనందరి ఇంటి ఈగ. వీపు మీద నాలుగు నల్ల చారలుంటాయి. రెక్కలో నాలుగో ఈనె కొసకు వెళ్ళేముందు మోచెయ్యి మడిచినట్టు మడుచుకుంటుంది. స్టొమాక్సిస్ కూడా చూడ్డానికి అంతే, కానీ మూతి సూదిలా ముందుకు పొడుచుకొస్తుంది. గేదెల కాళ్ళు పట్టుకు కుట్టేది అదే. వీటికో దాయాది ఉంది, మస్కినా అని. అదే సైజు, అవే చారలు. నాలుగో ఈనె మాత్రం మడుచుకోదు, మెల్లగా వంగి ఊరుకుంటుంది. పచ్చ ఈగది వేరే కుటుంబం, వియ్యంకుడనుకోండి. ఇంతే. భూతద్దం పెట్టి చూస్తే డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు పోల్చుకుంటాడు. అధికారులు పోల్చుకోలేరని కాదు. పోల్చుకుంటే దిబ్బ ఎత్తాలి.

మొదటిరోజు కమిటీతో కలిసి హాస్టలుకి వెళ్ళాను. పిల్లలు విసనకర్రలతో కొట్టిన ఈగలు అరటాకులో పోసి నా ముందు పెట్టారు. పదో తరగతి చదివే నూకరత్నం వాటిని ముందుగానే వేరుచేసి వరసగా పేర్చింది. చేపల రేవులో వలలు బాగుచేసేవాళ్ళ పిల్ల. లెక్కల్లో హాస్టలు మొత్తానికి ఫస్టు. "ఈ పక్కవన్నీ ఒకేలాగున్నాయి మాస్టారూ, ఇవి ఏటివో మరి" అంది. ఒకేలాగున్నవన్నీ మస్కాలే.

"ఆగండాగండి," అన్నారు మున్సిపాలిటీ శానిటరీ అధికారి నా భుజం మీంచి తొంగి చూస్తూ. "దీనికి కుడి రెక్క లేదు. దీనికి బొత్తిగా రెక్కలే లేవు. ఇది చదునైపోయింది. ఈనె లేనప్పుడు ఈనెకు వంపు ఎక్కడిది? ఇవి మా ఈగలని మేం అంగీకరించం."

మాట న్యాయమైనదే, కొట్టిన ఈగకు అవయవాలు మిగలవు. విరూపాక్షరావుగారికి నివేదిక వెళ్ళింది. మర్నాడు హాస్టలు గోడకు కాగితం అంటించారు.

"నిర్ధారణ పూర్తియగు వరకు సదరు ఈగలు ప్రభుత్వ సాక్ష్యములుగా పరిగణింపబడును. సాక్ష్యములను కొట్టుట, తోలుట, విసురుట, వాటి రాకపోకలను మూతలతో గాని తెరలతో గాని అడ్డగించుట నిషిద్ధము."

దేవకృపమ్మగారు దాన్ని రెండుసార్లు చదివి ఆయన ఆఫీసుకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

"కంచం మీద మూత కూడా పెట్టకూడదాండీ?"

"మూత పెట్టినచో సహజ సంచారమునకు భంగము కలుగునమ్మా. మనకు కావలసినది ప్రాతినిధ్యముగల నమూనా."

"పిల్లలు జబ్బు పడిపోతన్నారండి. పరీక్షలు దగ్గరికొచ్చీసినాయి."

"అందులకే గదా ఇంత త్వరితగతిని ముందుకు సాగుచున్నాము!" అన్నారాయన, నిజంగా నొచ్చుకుని. ఆయన దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే నాకింత కోపం వచ్చేది కాదు.

ఆ రోజునుంచి హాస్టల్లో భోజనాల తీరు మారింది. పిల్లలు కుడిచేత్తో అన్నం కలుపుకుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఈగ వాలితే దానంతట అది లేచేదాకా ఆగాలి. ఎవరైనా ఊదితే, ఊదడం తోలడం కిందికి వస్తుందా రాదా అని కమిటీ ఒక పూటంతా చర్చించి, ఉద్దేశపూర్వకంగా ఊదితే వస్తుందనీ, అన్నం వేడిగా ఉండి ఊదితే రాదనీ తేల్చింది. హాస్టల్లో అన్నం ఎప్పుడూ వేడిగా ఉండదు కనక ఆ మినహాయింపు పిల్లలకు పనికిరాలేదు.

నేను వలతో జాగ్రత్తగా ఈగల్ని పట్టి, సీసాలో పెట్టి, ఒక్కోదాన్ని సూదికి గుచ్చి కమిటీ ముందు పెట్టాను. ఈసారి రెక్కలున్నాయి, కాళ్ళున్నాయి, ఒంటిమీద ముళ్ళలాంటి రోమాలు కూడా చెక్కుచెదరలేదు. పెట్టెలో ముప్పాతిక వంతు మస్కాలే. మత్స్యశాఖాధికారి తన పచ్చ ఈగలు తక్కువున్నాయి కదా అని సంతోషించి ఊరుకోవచ్చు. కానీ పక్క శాఖ కష్టంలో ఉంటే ఆదుకోవడం ఉద్యోగధర్మం. ఒకరి మీద ఒకరు ఈగ వాలనివ్వరు మావాళ్ళు.

"ఈ సూదులన్నీ వీపుకు కుడివైపునే ఎందుకున్నాయి?" అన్నారాయన.

"అది పద్ధతండి. ఈగకు రెండువైపులా రోమాలు ఒకేలా ఉంటాయి. సూది గుచ్చినవైపు పాడవుతాయి. రెండోవైపు చూసుకోవడానికి మిగలాలని ఎవరైనా కుడివైపే గుచ్చుతారు."

"అనగా ఎడమవైపు ఒక్కదానికి కూడా అవకాశము ఇవ్వలేదన్నమాట."

పశువుల డాక్టరుగారు చదువుకున్నవాడు. ఆయనకు తెలుసు. కానీ ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. కమిటీ తీర్మానం: నమూనాల తయారీలో ఏకపక్ష ధోరణి కానవచ్చుచున్నందున, ఇకమీదట ప్రతి ఈగకును ఇరుపార్శ్వములందును సమానముగా సూదులు గుచ్చవలెను.

గుచ్చాను. రెండుపక్కలా గుచ్చిన ఈగకు చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఇక రోమాల ప్రస్తావన ఎత్తొద్దని, రెక్క ఒక్కటే ప్రమాణమని అనుకున్నాం. అప్పుడు శానిటరీ అధికారి నాలుగో ఈనె వంపు మీద పడ్డారు.

"వంపు ఉన్నది, కాదనను. కానీ ఎంత వంపు? మడత అనుటకు ఎంత ఉండవలెను? వంక అనుటకు ఎంత? మలుపు వేరు, వంపు వేరు. నిర్వచనము లేని వంపునకు మున్సిపాలిటీ నిధులు వెచ్చించజాలదు."

కోణం కొలవాలన్నారు. కొలవడానికి కోణమానిని కావాలన్నారు. ఆఫీసులో లేదు. మనిషిని పంపితే హాస్టలు నుంచి నూకరత్నం జామెట్రీ బాక్సు తెచ్చాడు. దాని మూత లోపలివైపు ఆ పిల్ల తన పేరు, పరీక్ష నంబరు రాసుకుంది. అర్ధచంద్రాకారపు ఆ ప్లాస్టిక్ ముక్కను, గింజంత లేని ఈగ రెక్క మీద పెట్టి, ముగ్గురు గెజిటెడ్ అధికారులు వంగి చూశారు. రెక్క కనిపించలేదు. కనిపించని వంపు లేనట్టే కనక ఆ ఈగ మస్కా కాదన్నారు. రెండో ఈగ రెక్క తుమ్ముకు ఎగిరిపోయింది. అదీ మస్కా కాదు.

"మరేమిటండి?" అన్నాను.

"మీరే చెప్పారు గదా. మడవక మెల్లగా వంగునది మస్కినా అని."

పెట్టెలోని మస్కాలన్నీ ఆ మధ్యాహ్నం చేతులెత్తే పద్ధతిలో మస్కినాలైపోయాయి. ముగ్గురు అవునన్నారు. నేను సభ్యుణ్ణి కాదు, నిర్ధారణాధికారిని మాత్రమే కనక నాకు ఓటు లేదు. మస్కినా ఏ శాఖకు చెందుతుందో ఉత్తర్వులో లేదు. అది దొరికిన ప్రతి కుళ్ళులోనూ పుడుతుందని నేను చెబితే, "అయినచో ఏ ఒక్కరిదియు కాదు" అని రాసుకున్నారు. జామెట్రీ బాక్సు తిరిగి ఇమ్మని అడిగాను. అది కొలత సాధనం కనక ఫైలుతోపాటు సీలు వేశామన్నారు.

విరూపాక్షరావుగారు నివేదిక చదివి చాలా ఆలోచించారు. చివరికి దేవకృపమ్మగారి పేరున తాఖీదు వచ్చింది.

"ఏ శాఖకును చెందని సదరు ఈగలు హాస్టలు ప్రాంగణమునందు దొరికినందున, తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు వార్డెనును వాటి సంరక్షకురాలిగా నియమించడమైనది. అధికారులు సమావేశమైనప్పుడు సంరక్షకురాలు సదరు సాక్ష్యములను సజీవముగా, అవయవలోపము లేకుండా అప్పగించవలెను."

ఆ తాఖీదు వచ్చిన పూటే నూకరత్నం పడిపోయింది. రెండురోజులుగా కక్కుకుంటూ ఎవరికీ చెప్పలేదట. చెబితే ఇంటికి పంపేస్తారని, ఇంటికెళితే పరీక్ష పోతుందని భయం. ఆస్పత్రిలో సెలైను ఎక్కుతుంటే కళ్ళు లోపలికి పోయి పడుకుంది. పరీక్షలు ఆ పై వారమే.

మంచం పక్కన నిలబడి నేనేదో ధైర్యం చెప్పబోయాను. ఆ పిల్ల, "నా జామెట్రీ బాక్సు ఇచ్చీసినారేటి మాస్టారూ?" అంది. నాకు సిగ్గేసింది. నా చదువు మీద, నా భూతద్దం మీద నాకే అసహ్యం వేసింది.

దేవకృపమ్మగారు ఏడవలేదు, తిట్టలేదు. సంచిలోంచి తాఖీదు తీసి మళ్ళీ మొదట్నుంచీ చదివింది. "సజీవంగా, అవయవలోపం లేకుండా," అని చివరి వాక్యం మాత్రం పైకి చదివింది. "మీటింగు ఎప్పుడండి మాస్టారూ?"

"సోమవారం పొద్దున్న."

"ఈగని రెక్క నలక్కుండా పట్టడం ఎలాగో మా పిల్లలకి నేర్పండి."

నేర్పాను. నా ఉద్యోగజీవితంలో ఇంత శ్రద్ధగా పాఠం విన్న క్లాసు లేదు. దిబ్బ పక్కన బెల్లం పూసిన చేప తలలు పెట్టి, పైన పాత దోమతెర గుడారంలా కట్టి, కింద నాలుగువేళ్ళ సందు వదలాలి. ఈగ కిందనుంచి దూరుతుంది, తిని పైకి వెలుతురు వైపు లేస్తుంది. కిందికి దిగాలన్న తెలివి దానికి లేదు. తెర నల్లబడగానే మూతి బిగించి మూట కట్టేయడమే. ఇది కొట్టడం కాదు, తోలడం కాదు, రాకపోకల్ని అడ్డగించడం అంతకన్నా కాదు. రాక నిరాటంకంగా సాగింది.

సోమవారం విరూపాక్షరావుగారి సమావేశమందిరంలో కమిటీ కూర్చుంది. తలుపులేసి చల్లమిషను పెట్టారు. బల్ల మీద జీడిపప్పు ఉప్మా, మైసూర్‌పాక్, టీలు. "మస్కినా యొక్క పాలనాపరమైన ప్రతిపత్తి" అనే విషయం మీద శానిటరీ అధికారి మాట్లాడుతున్నారు. తలుపు తెరుచుకుని దేవకృపమ్మగారూ, వెనకాల పదో తరగతి పిల్లలూ వచ్చారు. ఇద్దరిద్దరు ఒక్కో దోమతెర మూట మోసుకొచ్చారు. మూటలు గుయ్యిమంటున్నాయి.

"ఏమిటమ్మా అవి?"

"సాక్ష్యాలండి. అప్పగించమన్నారు గదా. బతికే ఉన్నాయి. ఒక్కదానికీ రెక్క విరగలేదు. సూసుకోండి."

మూటల ముళ్ళన్నీ ఒక్కసారిగా లాగేసింది. పిల్లలు బయటికి వెళ్ళి మర్యాదగా తలుపేశారు.

తరవాత జరిగింది వర్ణించడానికి నాకు శక్తి లేదు. ఉప్మా కనిపించకుండా పోయింది. మత్స్యశాఖాధికారి మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకుని, ఊశారు. పశువుల డాక్టరుగారు బల్ల కిందికి వెళ్ళారు. శానిటరీ అధికారి ఈగల నిర్ధారణ ఫైలే ఎత్తి ఈగల్ని బాదడం మొదలుపెట్టారు. ఆ ఫైలు అంత బరువుగా ఉండడం వల్ల ఒరిగిన ప్రయోజనం అదొక్కటే. విరూపాక్షరావుగారి టీలో రెండు పడ్డాయి, ఒకటి ఆయన పెదవి మీద వాలింది. ఆయన చెయ్యెత్తారు.

"సార్, కొట్టకండి," అన్నాను. "అది సాక్ష్యం. ఎడమ రెక్క బాగుంది."

ఆయన ఛెళ్ళున కొట్టుకున్నారు, తన మూతి మీద తనే. కొట్టుకుని, ఎప్పుడో శిక్షణకు ముందు మాట్లాడిన తెలుగులో అరిచారు.

"ముందా దిబ్బ తీయించండయ్యా!"

"ఏ శాఖ సార్?" అన్నారు బల్ల కిందినుంచి.

"ఏ శాఖైతే నీకెందుకయ్యా! అందరూ పొండి! ఇప్పుడే పొండి!"

ఆ గదిలో అన్ని ఈగలు చచ్చాయి గానీ ఒక్క రెక్క విప్పి, నాలుగో ఈనె ఎటు వంగిందో చూసినవారు లేరు. మధ్యాహ్నానికి మూడు శాఖల ట్రాక్టర్లూ దిబ్బ దగ్గర బారులు తీరాయి. మర్నాటి సాయంత్రానికి అక్కడ సున్నం చల్లిన నేల మిగిలింది.

నూకరత్నం మొదటి పరీక్షకు ఆస్పత్రి నుంచే వెళ్ళింది. లెక్కల పరీక్ష ముందురోజు నేను కొత్త జామెట్రీ బాక్సు పట్టుకుని హాస్టలుకి వెళ్ళాను. పాతది ఇంకా సీలులోనే ఉంది, ఉంటుంది. భోజనాల వేళ. పిల్లలు చారన్నం తింటున్నారు. అన్నం తెల్లగా కనిపిస్తోంది. దేవకృపమ్మగారు నాకో కాగితం అందించింది.

"సదరు హాస్టలును ఆకస్మికముగా తనిఖీ చేయగా ఈగలు కానరాలేదు. కావున ఫిర్యాదు నిరాధారమైనదిగా తేలినది. మరియు, సంరక్షణలో ఉంచిన ప్రభుత్వ సాక్ష్యములు ఏమైనవో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఏదో అనబోతున్నాను, అప్పుడే ఎక్కణ్ణుంచో ఒక్క ఈగ వచ్చి నూకరత్నం కంచం అంచున వాలింది.

ఆ పిల్ల కలుపుతున్న చెయ్యి ఆపేసింది. ఎడమచెయ్యి ఒళ్ళోకి పోయింది. బంతిలో పిల్లలందరి ఎడమచేతులూ ఒళ్ళోకి పోయాయి. గోడ మీది కాగితం దిబ్బతోపాటే పోయింది. అయినా అందరూ అది లేచేదాకా ఆగుతున్నారు.

నూకరత్నం తలెత్తి వార్డెనమ్మ వైపు చూసింది. "కొట్టీమంటారేటి మేడమ్?"

దేవకృపమ్మగారు నా చేతిలోని తాఖీదు తీసుకుంది. నిలువుగా మడిచి, గట్టిగా చుట్టి, ఆ పిల్ల ఎడమచేతిలో పెట్టింది.

ఫట్‌మంది.

ఈగ కంచం పక్కన గచ్చు మీద పడింది. నూకరత్నం అలవాటు కొద్దీ దాని మీదికి వంగి, "ఇది ఏ ఈగ మాస్టారూ?" అని అడిగింది. భూతద్దం నా జేబులోనే ఉంది.

"చచ్చిన ఈగ," అన్నాను. "తిను తల్లీ, చారన్నం చల్లారిపోతోంది."